చివరి కాలమ్

2023 ఆగస్టు 17, గురువారం, రాత్రి 10 గంటల 42 నిమిషాలకు ఒక మనిషి చెప్పుకున్న రెండు వాక్యాలను నేను చెరిపేశాను. ఇంత కచ్చితంగా గుర్తుండి చెప్పడం లేదు. గూగుల్ షీటులో ఎవరు ఏ గడిలో ఏం రాశారో, ఏం తీసేశారో పాత ప్రతుల్లో అలాగే ఉండిపోతుంది. పదిహేను నెలల తర్వాత ఒక రాత్రి అవి తెరిచి చూస్తే ఆ గడికి ఎదురుగా నా పేరు, టైముతో సహా ఉంది. తీసేసిన అక్షరాల మీద గీత ఉంది. గీత కింద మాటలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. “వాళ్ళు మూడు వారాల క్యారేజీ డబ్బులు ఇవ్వలేదండి. అడిగిన మర్నాడే ఇలా రాయించారు.”

ఆ రాత్రి నేనేం అనుకున్నానో మాత్రం బాగా గుర్తుంది. షీటులో వాదనలు పెట్టకూడదు కదా అనుకున్నాను. పొద్దున్నే పాపకు స్కూలు, గిన్నెలింకా సింకులోనే ఉన్నాయి, మధ్యలో ఇదొకటి నా ప్రాణానికి అని విసుక్కున్నాను. చెరిపేసి పడుకున్నాను. నిద్ర బాగానే పట్టింది.

ఏ షీటు, ఎవరి క్యారేజీ అన్నది చెప్పాలి. మేముండే క్రాన్‌బర్న్ మెల్‌బోర్న్‌కు ఆగ్నేయంగా నలభై కిలోమీటర్లకు పైగా దూరం. రైలు లైనుకు ఆఖరి స్టేషన్. ఒక పక్క గుర్రప్పందేల మైదానం, ఇంకో పక్క రాయల్ బొటానిక్ గార్డెన్స్, వాటి చుట్టూ క్లైడ్ నార్త్ దాకా బారులు తీరిన కొత్త ఇళ్ళు. 2021 జనగణన నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు 59 వేల మంది. అందులో మా వైపు వాళ్ళం ఎందరం ఉన్నామో కార్తీక సోమవారం నాడు క్యారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయం దగ్గర కారు పెట్టుకోవడానికి చోటు వెతికితే తెలుస్తుంది.

షీటు 2020 ఏప్రిల్‌లో పుట్టింది. ఆ నెల 3వ తేదీన అప్పటి ప్రధాని స్కాట్ మారిసన్, తమను తాము పోషించుకోలేని తాత్కాలిక వీసాల వాళ్ళు ఇళ్ళకు తిరిగి వెళ్ళే సమయం వచ్చిందన్నారు. ఉద్యోగాలు నిలబెట్టడానికి ప్రభుత్వం ఇచ్చిన జాబ్‌కీపర్ సాయం వాళ్ళకు వర్తించలేదు. హోటళ్ళు మూతపడ్డాయి, మన పిల్లల చేతుల్లో పని పోయింది, విమానాలూ లేవు. ఆరు విడతల్లో కలిపి 262 రోజులు లాక్‌డౌన్‌లో ఉన్న ఊరు మెల్‌బోర్న్. మేం నలుగురం, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళం, బియ్యం, కందిపప్పు, నూనె సంచుల్లో సర్ది విద్యార్థులు ఉండే ఇళ్ళ గుమ్మాల్లో పెట్టి వచ్చేవాళ్ళం. ఎవరింట్లో ఎందరున్నారో, ఎవరికి ఏం అయిపోయిందో రాసుకోవడానికి షీటు మొదలుపెట్టాం. దాని మొదటి పేరు ‘సరుకులు’.

కొన్నాళ్ళకు ఆ పిల్లల్లోనే ఒకడు ఫోన్ చేశాడు. “ఊరికే తీసుకోవాలంటే మొహం చెల్లడం లేదక్కా. గడ్డి కోసే పనైనా ఉంటే చెప్పండి.” అలా షీటుకు రెండో పేజీ వచ్చింది. పేరు, ఫోన్ నంబరు, ఏ పని, ఎంత తీసుకుంటారు. క్యారేజీలు కట్టే ఆడవాళ్ళు, ఇళ్ళు తుడిచే కుర్రాళ్ళు, సామాన్లు మార్చేవాళ్ళు, పసిపిల్లల్ని చూసుకునేవాళ్ళు, డ్రైవింగ్ నేర్పేవాళ్ళు. ఇంతవరకూ మేం చేసిన దాంట్లో నాకు సిగ్గుపడాల్సింది కనిపించదు. తర్వాత ఐదో కాలమ్ పెట్టాం. దాని పేరు ‘ఎలా చేశారు?’ పని చేయించుకున్నవాళ్ళు మా నలుగురిలో ఎవరికో ఒకరికి ఫోన్ చేసో, మెసేజ్ పెట్టో చెబితే మేం అక్కడ రాసేవాళ్ళం. ఏం రాయాలో, ఏం రాయకూడదో, ఎవరి పేరు ఉంచాలో, ఎవరిది తీసేయాలో మేమే తేల్చేవాళ్ళం. ఈ పని చెయ్యమని మాకెవరూ చెప్పలేదు. చెయ్యొద్దనీ ఎవరూ అనలేదు.

మా నలుగురికీ పీఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) ఉంది, సొంతిల్లుంది, పదిహేను రోజులకోసారి బ్యాంకులో జీతం పడుతుంది. షీటులో పేర్లున్న వాళ్ళలో చాలామందికి ఈ మూడూ లేవు. ఈ తేడా మాకు తెలియక కాదు. సాయం చేసేటప్పుడు తెలిసే ఉంది. తీర్పు చెప్పడానికి కూర్చున్నప్పుడు మాత్రం అందరం సమానమే అన్నట్టు నడుచుకున్నాం.

మాకొక నియమం ఉండేది. పని చేయించుకున్నవాళ్ళే అభిప్రాయం చెప్పాలి. చేసినవాళ్ళు దానికి జవాబు రాయకూడదు. మొదట్లో ఒకసారి సామాన్లు మార్చే అబ్బాయికీ ఒక ఇంటివాళ్ళకూ గీతలు పడ్డ సోఫా విషయంలో మాటామాటా పెరిగి ఆ గడి నిండిపోయింది. అప్పుడు పెట్టుకున్నాం ఈ నియమం. గొడవలుండకూడదని. వినడానికి ఎంత పెద్దమనిషి తరహాగా ఉందో చూడండి. మొదట ఎవరు మాట్లాడితే వాళ్ళది అభిప్రాయమైంది. రెండో మనిషి నోరు విప్పితే అది గొడవైంది. మొదట మాట్లాడే హక్కు డబ్బిచ్చినవాళ్ళకే ఇచ్చాం కాబట్టి, ప్రతిసారీ గొడవ పెట్టుకున్న పేరు పని చేసినవాళ్ళకే వచ్చింది. మూడేళ్ళు ఈ నియమాన్ని కాపాడింది నేను. నలుగురిలో పట్టుదల నాకే ఎక్కువ.

క్యారేజీ కట్టే ఆ అమ్మాయి గురించి చెబుతాను. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. కృష్ణకు ఈవల ఒక పల్లె అనుకోండి. భర్త చదువుకోవడానికి వచ్చాడు, తను డిపెండెంట్ వీసా మీద చంటివాణ్ణి ఎత్తుకుని వెనకాలే వచ్చింది. బిడ్డను చైల్డ్‌కేర్‌లో వేసి తను బయటికి పనికెళ్తే వచ్చేది చైల్డ్‌కేర్‌కే చాలదు. అందుకని ఇంట్లోనే వండడం మొదలుపెట్టింది. ఇక్కడ ఇంట్లో వండి అమ్మాలన్నా విక్టోరియా ఆహార చట్టం కింద కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకోవాలి. చాలామంది చేయించుకోరు. ఆమె చేయించుకుంది. మా ప్రాంతపు కేసీ కౌన్సిల్ నుంచి అధికారి వచ్చి వంటగది చూసి వెళ్ళాడట. ఆ సర్టిఫికెట్‌ను ఫ్రిజ్ తలుపు మీద, పిల్లాడి టీకాల కాగితం పక్కన అంటించుకుంది. నేను ఒకసారి క్యారేజీ తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. స్టవ్ పక్కన పోపుల డబ్బా, దాని కింద మడత పెట్టిన శుభ్రమైన గుడ్డ. తల మీద పాత చున్నీ గట్టిగా చుట్టుకుని ఉంది. వెంట్రుక రాలకూడదని.

2023 జూలై 1 నుంచి విద్యార్థులు పదిహేను రోజులకు 48 గంటలకు మించి పని చెయ్యకూడదన్న పరిమితి మళ్ళీ అమల్లోకి వచ్చింది. కొవిడ్ తర్వాత ఏడాదిన్నర దాన్ని సడలించారు కాబట్టి ఎందరో ఆ సంపాదనను బట్టే అద్దె ఇళ్ళు తీసుకున్నారు. వాళ్ళాయన గంటలు తగ్గాయి. అద్దె తగ్గలేదు. ఆ నెలల్లో ఆ ఇల్లు నడిచింది క్యారేజీల మీదే. ఇది నాకప్పుడు తెలియదు. తెలుసుకోవాలంటే ఎంతసేపు? నా ఇంటి నుంచి ఆమె ఇంటికి కారులో ఆరు నిమిషాలు.

ఆగస్టులో ఒక ఇంటివాళ్ళు మాలో ఒకరికి ఫోన్ చేసి చెప్పారు. గడిలో ఇలా ఎక్కింది: “పప్పులో వెంట్రుక. శుభ్రత తక్కువ. చూసుకుని తీసుకోండి.” అంతే. ఎవరు చెప్పారో రాయం, అదీ మా నియమమే, చెప్పినవాళ్ళకు ఇబ్బంది కలగకూడదని. ఆ అమ్మాయి పేరు, ఫోన్ నంబరు మాత్రం అదే వరుసలో మొదటి గడిలో, రెండో గడిలో ఉన్నాయి. మా నలుగురిలో చిన్నవాడికి ఆమె ఏడుస్తూ ఫోన్ చేసింది. అతనికి జాలేసి ఆమె చెప్పిన రెండు వాక్యాలు అదే గడిలో కింద చేర్చాడు. రాత్రి నేను చూశాను. “తమ్ముడూ, మన రూల్ మనమే తప్పితే ఎలా?” అని అతనికి మెసేజ్ పెట్టి, చెరిపేశాను. అతను “సారీ అక్కా” అన్నాడు. అతనితో నేను సారీ చెప్పించుకున్నాను!

ఇద్దరికి రెండు క్యారేజీలు, వారానికి ఐదు రోజులు, ఒక్కోటి 12 డాలర్లు. మూడు వారాలకు 360 డాలర్లు. ఆ ఇంటివాళ్ళు ఎగ్గొట్టింది అంత. ఆ బాకీ అడిగినందుకు వెంట్రుక పుట్టుకొచ్చింది. నిజంగానే వెంట్రుక పడి ఉండొచ్చు కదా అంటారా? పడి ఉండొచ్చు. నా వంటలో ఎన్నిసార్లు పడిందో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు. నేను చెప్పేది అది పడిందా లేదా అన్నదాని గురించి కాదు. అడగలేదు. మూడున్నరేళ్ళలో ఆ షీటులో ఎన్నో పేర్ల పక్కన ఎన్నో మాటలు రాశాం. రాసే ముందు ఒక్కరంటే ఒక్కరికి ఫోన్ చేసి, “అమ్మా, మీ గురించి ఇలా అంటున్నారు, అసలేం జరిగింది?” అని అడిగిన పాపాన పోలేదు.

దసరా నాటికి ఆమె వంట మానేసింది. మేం పేరు తీసేయాల్సిన అవసరం కూడా రాలేదు. ఆమే మెసేజ్ పెట్టింది, “నా పేరు తీసేయండక్కా” అని. “ఓకే అమ్మా” అని జవాబిచ్చాను. పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ.

ఈ జబ్బు మాకు ఆస్ట్రేలియాలో అంటింది కాదు. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. నూటికి ఎనభై దాటి వేసేవారు కాదు, ఎనభై వచ్చినవాణ్ణి వీధి వీధంతా మెచ్చుకునేది. నోటీసు బోర్డు మీద ర్యాంకులు చూసుకుంటూ పెరిగినవాళ్ళం మేం. ఎవరు ఎవరికంటే తక్కువో తేల్చందే మాకు నిద్ర పట్టదు. ఆ అలవాటుతోనే ఇక్కడ యాప్‌లో కారు ఎక్కి దిగినప్పుడల్లా ఐదు నక్షత్రాలకు నాలుగు ఇచ్చేదాన్ని. ఐదుకు నాలుగంటే నూటికి ఎనభై, ఫస్ట్ క్లాసు! ఒకసారి క్రాన్‌బర్న్ స్టేషన్ నుంచి ఇంటికి తీసుకొచ్చిన అబ్బాయి ఖమ్మం వైపు వాడు. నా పేరు చూసి తెలుగులో పలకరించాడు. దారిలో మాటల సందర్భంలో నేనీ సంగతి గర్వంగానే చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నాలుగు వేస్తే మాకు దెబ్బేనక్కా. ఐదు కంటే ఎంత తగ్గినా తప్పు చేసినట్టే లెక్క. సగటు పడిపోతే అకౌంటే ఆపేస్తారు” అన్నాడు. అద్దంలో నా వైపు చూడలేదు. అప్పటికి నేను ఎన్నేళ్ళుగా ఎందరికి నాలుగు ఇచ్చి, మెచ్చుకున్నాననుకుంటూ కారు దిగానో!

హైదరాబాద్‌లోనూ చూశాను. మియాపూర్‌లో మా చెల్లెలి అపార్ట్‌మెంట్‌లో గేటు దగ్గర యాప్ ఉంది. పనమ్మాయి లోపలికి రాగానే ఫోన్‌లో టింగుమంటుంది. ఆమె పేరు పక్కన ఫొటో, ఎన్ని ఇళ్ళలో చేస్తుందో లెక్క, ఎన్ని నక్షత్రాలో. “చూశావా ఎంత సౌకర్యమో” అంది మా చెల్లి. సౌకర్యమే. ఆమెకు ఏ ఇల్లు ఎలాంటిదో చెప్పే యాప్ మాత్రం లేదు. ఏ ఇంట్లో పాచిపోయిన కూర పెడతారో, ఏ ఇంటాయన చెయ్యి వేస్తాడో, ఎవరు నెల జీతంలో మూడు రోజులు కోస్తారో ఆమె చెవిలో ఇంకో పనమ్మాయి చెబితేనే తెలియాలి. మా షీటూ అంతే. క్యారేజీ డబ్బులు ఎగ్గొట్టే ఇళ్ళ జాబితా ఒకటి ఉండాలని మా నలుగురిలో ఎవరికీ తోచలేదు. తోచి ఉంటే అందులో మా స్నేహితుల పేర్లు ఉండేవి.

2023 జూలైలో అర్బన్ కంపెనీ యాప్ కింద ఇళ్ళకు వెళ్ళి బ్యూటీషియన్ పని చేసే ఆడవాళ్ళు మన దేశంలో పలు నగరాల్లో రోడ్డెక్కారు. రేటింగ్ 4.7 కంటే తగ్గితే ఐడీ బ్లాక్ చేస్తున్నారని వాళ్ళ బాధ. ‘ఐడీ బ్లాక్’ అన్న మాటను వాళ్ళు ఎలా పలుకుతారో వీడియోల్లో విన్నాను. ఇంట్లో పొయ్యి ఆరిపోయిందని చెప్పినట్టు. అప్పుడు నేను ఫేస్‌బుక్‌లో ఆ ఆడవాళ్ళకు మద్దతుగా నాలుగు మాటలు రాశాను కూడా. జూలైలో ఆ నాలుగు మాటలు, ఆగస్టులో ఈ చెరిపివేత. రెండూ ఒకే చేత్తో చేశాను.

ఇంకొకటి చెప్పకుండా దాటేస్తే ఈ రాతకు అర్థం లేదు. షీటులో పాతబస్తీ నుంచి వచ్చిన ఒక ఆంటీ ఉండేవారు. ఆమె పేరు చూసి, ఆమెను ఏమీ అడక్కుండానే, మేం పని కాలమ్‌లో ‘బిర్యానీ, నాన్‌వెజ్ మాత్రమే’ అని రాశాం. ఆమె చేసే పప్పుచారు, బగారా బైంగన్ తిన్నవాళ్ళకు తెలుసు ఎంత బాగుంటాయో. “ఇంట్లో వ్రతం ఉంది, ఎవరైనా నీట్‌గా చేసేవాళ్ళుంటే చెప్పండి” అని ఫోన్ వచ్చేది. నీట్‌గా అంటే ఏమిటో అడిగేవాళ్ళకు తెలుసు, మాకూ తెలుసు. కులం గురించి మేమెవరినీ అడగలేదని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అడగాల్సిన అవసరం లేదు. ఇంటిపేరు ఉంది, ఊరుంది, జిల్లా ఉంది. ఎవరి నంబరు ఇవ్వాలో మా వేలికి ముందే తెలిసిపోయేది. 2022 ఆగస్టులో హైదరాబాద్‌లో ఒకరు స్విగ్గీ ఆర్డర్‌లో ముస్లిం డెలివరీ మనిషి వద్దని రాస్తే, తెలంగాణ గిగ్ వర్కర్ల యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్ దాన్ని లోకానికి చూపించారు. మేం నలుగురం చదివి ఛీ అనుకున్నాం. ఆ కస్టమర్ కనీసం రాసి దొరికిపోయాడు. మేం రాయకుండానే ఆ పని నడిపించాం.

మా వల్ల ఎవరికీ మేలు జరగలేదని అనను. అద్దె ఇల్లు చూపిస్తానని కొత్తగా దిగిన పిల్లల దగ్గర అడ్వాన్సులు పుచ్చుకుని మాయమయ్యేవాడొకడి నంబరు షీటులో పెట్టడం వల్ల కొందరైనా ఆ వలలో పడలేదు. పసిబిడ్డను కారు సీటులో బెల్టు లేకుండా కూర్చోబెట్టి తీసుకెళ్ళిన ఆవిడ గురించి రాయడం తప్పని ఇప్పటికీ అనుకోను. అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ కొన్నింటిని అడ్డం పెట్టుకుని మిగతా వాటన్నిటికీ న్యాయం చేస్తున్నామని నమ్మాం. ఉప్పు ఎక్కువైంది, పది నిమిషాలు లేటు, ఫోన్ ఎత్తలేదు, మాట పెడసరం. ‘మాట పెడసరం’ అన్నది చాలాసార్లు రాశాం. పాత ప్రతులు తిరగేస్తూ చూస్తే, ఆ మాట పడ్డ వాళ్ళలో కొందరు అంతకుముందు వారం ఎవరినో బాకీ డబ్బులు అడిగినవాళ్ళు. ఇప్పుడు ఆరా తీస్తే తెలుస్తోంది. అప్పుడెందుకు తీయలేదు?

2021 సెప్టెంబర్ 8న ఇక్కడి హైకోర్టు, అంటే ఆస్ట్రేలియాలో అన్నిటికంటే పై కోర్టు, వోలర్ కేసులో తీర్పు చెప్పింది. పత్రికలు తమ ఫేస్‌బుక్ పేజీలు తెరిచి పెట్టి పదిమందినీ రాయనిస్తే, ఆ రాతలకు పత్రికలు కూడా ప్రచురణకర్తలేనని ఏడుగురు జడ్జీల్లో ఐదుగురు అన్నారు. చోటిచ్చినవాడిదీ బాధ్యతే అన్నమాట. మాలో ఒకాయన ఆ వార్త మాకు పంపాడు. మేం నలుగురం ఆదివారం టీ తాగుతూ గంటసేపు మాట్లాడుకున్నాం. ఏం తేల్చామో తెలుసా? షీటు పైన ఒక వాక్యం చేర్చాలని. ‘ఇందులోని అభిప్రాయాలు చెప్పినవారివే, నిర్వాహకులకు సంబంధం లేదు.’ మన మీదికి ఎవరైనా కోర్టుకెళ్తే ఎలా అన్నదొక్కటే ఆ గంటంతా మా భయం. మన వల్ల ఎవరికైనా అన్యాయం జరిగి ఉంటుందా అన్న మాట ఆ టేబుల్ దగ్గర ఎవరి నోటా రాలేదు. ఆ వాక్యం రాసింది కూడా నేనే. తెలుగు బాగా వచ్చని నాకప్పగించారు.

సిడ్నీలో ఫ్రాంకో అని డెలివరూ సంస్థకు భోజనాలు చేరవేసిన బ్రెజిల్ మనిషి కథ కూడా ఆ రోజుల్లోనే చదివాను. మూడేళ్ళు పనిచేశాక, 2020 ఏప్రిల్‌లో, నువ్వు నిదానంగా తెస్తున్నావంటూ ఒక ఈమెయిల్‌తో తీసేశారు. 2021లో ఉద్యోగ తగాదాలు తేల్చే ఫెయిర్ వర్క్ కమిషన్ అది అన్యాయమంది. 2022 ఆగస్టులో పై బెంచ్, అతను చట్టం ప్రకారం ఉద్యోగి కాడు కాబట్టి ఏమీ చేయలేమంది. అతని పట్ల జరిగింది అన్యాయమేనని ఆ తీర్పులోనే ఒప్పుకుంటూ ఆ మాట అంది. తర్వాత చట్టం మార్చారు. 2025 ఫిబ్రవరి 26 నుంచి, యాప్ మీద కనీసం ఆరు నెలలు క్రమంగా పనిచేసిన మనిషి అకౌంట్‌ను అన్యాయంగా ఆపేస్తే 21 రోజుల్లోగా కమిషన్‌కు వెళ్ళొచ్చు. ఆపేసే ముందు కారణం చెప్పాలి, జవాబు చెప్పుకోవడానికి అవకాశమివ్వాలి, మాట్లాడడానికి ఒక మనిషి ఉండాలి, మిషన్ కాదు. ఇది చదివినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టైంది. పరదేశపు పెద్ద కంపెనీల చేత కూడా చట్టం ఈపాటి మర్యాద చేయిస్తోంది. మేం మనుషులం. ఒకే భాష వాళ్ళం. ఆమె క్యారేజీ తిన్నవాళ్ళం. కారణం చెప్పలేదు, జవాబు చెప్పుకోనివ్వలేదు. మాట్లాడడానికి మనిషి ఉన్నా చెరిపేసి పడుకుంది. ఆ చట్టం మా షీటు దాకా రాదు. మా వంటి వాళ్ళ చేతుల్లో నష్టపోయినవాళ్ళు వెళ్ళడానికి ఏ కమిషనూ లేదు.

2024 కార్తీకంలో గుళ్ళో ఆమె కనబడింది. దీపాల దగ్గర వంగి వత్తి సరిచేస్తోంది. చంటివాడు ఎదిగాడు, కొంగు పట్టుకుని నిలబడ్డాడు. తనే వచ్చి పలకరించింది. “బాగున్నారా అక్కా? పాప ఏ క్లాసు?” కూవీరప్ వైపు ఆస్పరాగస్ ప్యాకింగ్ షెడ్డులో పనికెళ్తోందట. సీజన్ కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలట. చేతులు చూశాను. చల్లటి నీళ్ళలో నాని వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి, గోళ్ళ పక్కన చర్మం చీలి ఉంది. అప్పుడడిగాను, అంత ఆలస్యంగా. “ఆ రోజు అసలేం జరిగిందమ్మా?” ఆమె చెప్పింది. నెమ్మదిగా, కోపం లేకుండా. డబ్బుల సంగతి, వాళ్ళు ‘చూద్దాంలే’ అన్న సంగతి, రెండు వారాల్లో పద్దెనిమిది క్యారేజీలు ఆరుకు పడిపోయిన సంగతి. “ఎవరమ్మా వాళ్ళు? నేను మాట్లాడతాను” అన్నాను. ఆమె కంగారుగా నా చెయ్యి పట్టుకుంది. “వద్దక్కా. వాళ్ళూ ఈ గుడికే వస్తారు.”

ఆ రాత్రే నేను పాత ప్రతులు తెరిచింది.

మిగతా ముగ్గురికీ చెప్పాను. ఒకాయన, “మనం డబ్బు తీసుకుని చేశామా, ఊరికే చేసిన సేవ ఇది, ఇంత బాధపడితే ఎలా?” అన్నాడు. డబ్బు తీసుకోకపోవడమే మాకు ఆ ధైర్యం ఇచ్చిందని నాకిప్పుడు అనిపిస్తుంది. ఊరికే చేసేవాళ్ళను ఎవరూ లెక్క అడగరు. చిన్నవాడు ఏమీ అనలేదు. నాకు అతని మౌనమే ఎక్కువ గుచ్చుకుంది. ఐదో కాలమ్ తీసేద్దామంటే ఇద్దరు ఒప్పుకోలేదు. చివరికి, ఎవరి గురించైనా రాసే ముందు వాళ్ళకు ఫోన్ చేసి అడగాలన్నదానికి మాత్రం అందరూ సరేనన్నారు. పాత రాతలన్నీ చెరిపేశాం. చెరిపినంత మాత్రాన పోలేదు. రెండేళ్ళ కింద ఒక గడిలో చదివిన మాటను జనం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. “ఆ అమ్మాయా? వెంట్రుకలు...” అని మొన్న ఉగాది నాడు కూడా నా చెవిన పడింది. ఆ మాట అన్నావిడ ఎప్పుడూ ఆమె వంట తిన్నది కాదు. కాదని ఆవిడతో చెప్పాను. పక్కనున్న ఇంకో ముగ్గురికి వినపడిందో లేదో తెలియదు. షీటులో రాసినంత తేలిగ్గా నోటితో తిరిగి తీసుకోలేకపోతున్నాను.

కిందటి నెల ఒక ఇంటివాళ్ళ నుంచి మెసేజ్ వచ్చింది. అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ బాండ్ క్లీనింగ్ చేయించారట. కుర్రాడు ఓవెన్ సరిగ్గా తుడవలేదట, ఇన్‌స్పెక్షన్‌లో ఏజెంట్ పట్టుకుందట, బాండ్‌లో, అంటే ఇంటి అడ్వాన్సులో, కొంత కోస్తుందేమోనని వాళ్ళ భయం. షీటులో రాయమన్నారు. ఒప్పుకున్న పద్ధతి ప్రకారం ముందు ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. విజయనగరం వైపు వాడు, మూడో సెమిస్టర్. ఏం జరిగిందో వాడి నోట విందామని, వాదన ఉంటే అదీ రాద్దామని, పక్కన కాగితం పెట్టుకుని కూర్చున్నాను.

నా నంబరు వాడి ఫోన్‌లో ఉన్నట్టుంది. మొదటి రింగుకే ఎత్తాడు. వెనక వ్యాక్యూమ్ మిషన్ చప్పుడు, అది టక్కున ఆగిపోయింది. ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. “అక్కా, ఓవెన్ గురించేనా? రేపు పొద్దున్నే వెళ్ళి మళ్ళీ చేసేస్తానక్కా. డబ్బులు కూడా మొత్తం తిరిగిచ్చేస్తాను. నా పేరు మాత్రం తియ్యకండక్కా.”

అప్పటికి నేను హలో అన్నాను, అంతే.